ఖాదర్‌వలి ఇచ్చిన శాంపిల్

మా హిందూపురంలో పెద్ద రోగాలన్నీ ఇంగ్లీషు మీడియంలో చదువుకున్నవే. జలుబు, కడుపునొప్పి లాంటి తెలుగు మీడియం రోగాలు ఒక కషాయానికో గోళీకో తృప్తిపడి వెళ్ళిపోతాయి. ఇంగ్లీషు మీడియం వాటికి మర్యాదలెక్కువ. అవి మనిషిని బెంగుళూరు బస్సెక్కించందే వదలవు. చేదు కబురుకు షుగర్ అని పేరు పెట్టింది ఆ మీడియమే. ఓపీ అంటే ఓపిక, ఆఖరి అక్షరం వరుసలో నిలబడినప్పుడు రాలిపోయింది. చీటీ మీద డాక్టరు ఎక్యూట్ అని రాస్తే, తన బిడ్డను క్యూట్ అన్నాడని మురిసిపోయిన తల్లి మా వీధిలోనే ఉంది.

ఖాదర్‌వలికి పట్టుకున్న దగ్గు మాత్రం ఏ మీడియమో చాలా రోజులు తేలలేదు.

ఖాదర్‌వలి పట్టుగూళ్ళ మార్కెట్లో గూళ్ళు ఏరే మనిషి. తనకల్లు నుంచీ ఆమడగూరు నుంచీ రైతులు పొద్దున్నే సంచుల్లో గూళ్ళు తెచ్చి దించుతారు. బస్సులో నలిగి, ఉక్కపోసి, ఆ గూళ్ళు పెళ్ళికి పోయి రాత్రంతా నేల మీద పడుకుని వచ్చిన చుట్టాల్లా ఉంటాయి. వాటిని తట్టలో పోసి, మరకపడ్డవీ పలచనివీ, రెండు పురుగులు కలిసి కట్టుకున్న జంటగూళ్ళూ ఏరి పక్కన పెట్టి, మీది నూగు దులిపి, పసుపుపచ్చగా మెరిసేవాటిని పైకి తేవడం ఖాదర్‌వలి పని. అందులో మోసం లేదు. ఫోటో దిగే ముందు ముఖం కడుక్కోవడం లాంటిది. కొనేవాడు మాత్రం తక్కువ తిన్నాడా. గూళ్ళు ఉడకబెట్టి దారం తీసే రీలరు ముందు మోచేతి దాకా తట్టలోకి చెయ్యి దింపి, అడుగు నుంచి గుప్పెడు లాగుతాడు. ఒక గూటిని చెవి దగ్గర ఆడిస్తాడు. ఇంకొకదాన్ని బ్లేడుతో కోసి లోపలి పురుగు ముఖం చూస్తాడు. అమ్మేవాడు పైన చూపిస్తాడు, కొనేవాడు కింద వెతుక్కుంటాడు. ఈ రెండు చేతులూ కలిసినచోట ధర.

ఖాదర్‌వలి ఏరిన తట్ట ముందు నిలబడి "మంచి శాంపిల్" అనని రీలరు మార్కెట్లో లేడు. చదువు లేని మనిషికి ఆ రెండు మాటలే డిగ్రీ. ఇంటికి పోయి భార్య రోషన్‌బీకి చెప్పేవాడు, ఈ పొద్దు పలానా రీలరు ఇట్లన్నాడు అని. ఆమె ప్రతిసారీ కొత్తగా విన్నట్టే వినేది.

ఆ మార్కెట్ గాలిలో దుమ్మూ నూగూ ఎప్పుడూ తేలుతూ ఉంటాయి. అందుకని ఖాదర్‌వలి దగ్గుతుంటే ఎవరూ పట్టించుకోలేదు. గూళ్ళ దగ్గులే అన్నారు. ఒకరోజు టీ బంకు దగ్గర రీలరు చిన్నప్ప అందుకున్నాడు. మడకశిర వైపు మనిషి, సగం కన్నడం, సగం తెలుగు, మొత్తం ఎకసక్కెం.

"ఏమప్పా ఖాదరన్నా, ఒక చేత టీ, ఒక చేత బీడీ పట్టుకోనుండావే. రెండూ కలిపితే ఏమయితాదో తెల్సునా?"

"ఏమయితాది?"

"టీబీ."

బంకు దగ్గరున్నవాళ్ళంతా నవ్వారు. ఖాదర్‌వలి కూడా నవ్వాడు. నవ్వు దగ్గుగా మారింది. దగ్గు ఎంతకీ ఆగలేదు. టీ గ్లాసు బల్ల మీద పెట్టి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు పోయి, ఆ తువ్వాలును ఎవరికీ కనపడకుండా మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఆ మడత చూసిన చిన్నప్ప మళ్ళీ ఆ జోకు వెయ్యలేదు. జోకు తిరిగి రాకపోవడమే మొదటి చెడ్డ గుర్తు.

అప్పుడు పగలంతా ఖాదర్‌వలి ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఇద్దరే. కొడుకు రియాజ్ ఆటో తోలేవాడు, రాత్రికి తిండికి వచ్చేవాడు. కోడలు షహీన్ కాన్పుకు ధర్మవరంలో పుట్టింటికి పోయింది. ఆడపిల్ల పుట్టింది. అంజుమ్ అని పేరు పెట్టారు. నలభై దినాలు దాటినాక ముసలాయన, రోషన్‌బీ కలిసి బిడ్డను చూడ్డానికి రైలెక్కారు. వచ్చేటప్పుడు తల్లీబిడ్డలను వెంట తెచ్చుకుందామని, మేదరవాళ్ళ దగ్గర కొత్త ఊయల తొట్టి కొని ఇంట్లో ముందే వేలాడదీసి పోయారు.

షహీన్ తల్లి మహబూబ్‌బీ ధర్మవరం నేతగాళ్ళకు పట్టుదారం కండెలు చుట్టి ఇచ్చేది. ఆమె ఇల్లున్న వీధిలో పొద్దస్తమానం మగ్గాల చప్పుడే. ఆమె బిడ్డను తెచ్చి ఖాదర్‌వలి ఒళ్ళో పెట్టింది. ఆయన అంజుమ్ ముఖం మీదికి వంగాడు. వంగీ వంగకముందే దగ్గు వచ్చింది. తల తిప్పుకున్నాడు గానీ ఒళ్ళు మొత్తం అదిరింది, బిడ్డ కూడా అదిరింది. మహబూబ్‌బీ బిడ్డను వెనక్కి తీసుకుంది.

"ఎన్ని దినాల్నించి అన్నా ఈ దగ్గు?"

"గూళ్ళ దుమ్ములే వదినా. నలభై ఏండ్ల సావాసం."

"దుమ్ము దగ్గయితే మనిషి ఇట్ల చిక్కిపోడు. నీ చొక్కాలో ఇంకొక మనిషి పట్టేట్టుండాడు."

"సరేలే, ఆ ఇంకొక మనిషి ఈమేలే," అన్నాడు ఖాదర్‌వలి బిడ్డను చూపిస్తూ.

మహబూబ్‌బీ నవ్వలేదు. "మా తమ్ముడు ఇట్లనే దగ్గి దగ్గి పాయె. వాని పెండ్లాముకు అంటుకునె. నేను కండ్లారా చూసినదాన్ని. తప్పుగా అనుకోవద్దన్నా. పోయి పరీచ్ఛ చేయించుకో. ఆ జబ్బు లేదని డాక్టరు నోట మాట వస్తే, నేనే బిడ్డను ఎత్తుకోనొచ్చి నీ ఒళ్ళో పెడతా. అంతవరకూ షహీన్నీ బిడ్డనీ పంపను."

రోషన్‌బీ ముఖం ఎర్రబడింది. "మా ఇంటి బిడ్డ అది," అంది.

"మీ ఇంటి బిడ్డ కాబట్టే చెప్తాండా వదినా."

ఊయల తొట్టి ఖాళీగానే ఊగుతూ ఉండింది ఇంట్లో. దగ్గు పెరిగేకొద్దీ దగ్గర తరిగింది.

హిందూపురంలో పరీక్ష చేయించుకుంటే మధ్యాహ్నానికల్లా మార్కెట్టంతా వేలం పాడేస్తుంది. అందుకని బాబయ్య దర్గాకు పోయొస్తానని అందరికీ చెప్పి, ఖాదర్‌వలి పెనుకొండలో దిగాడు. నిజంగానే దర్గాలో చక్కెర చదివించి, ఆ తర్వాత శ్రీరాములు డాక్టరు క్లినిక్కుకు పోయాడు. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, చీటీ మీద ఒక మాట రాసి పక్క గదిలోని ల్యాబుకు పంపాడు. ల్యాబులో సతీష్ అనే కుర్ర టెక్నీషియన్ ఉన్నాడు. గది ముందు బెంచీ మీద కూర్చునే చోటు లేదు.

"సార్ స్పుటం రాసినాడు," అన్నాడు సతీష్ చీటీ చూసి.

"అదేంది నాయనా?"

"గళ్ళ. కఫం. ఇదో ఈ డబ్బా తీసుకో. పొద్దున లేస్తానే ఇందులో ఉమ్మి మూత బిగించి తీసుకోని రా. శాంపిల్ బాగుండల్ల, చూసుకో."

ఇంతే చెప్పాడు. అవతల ఇంకొకాయన రక్తం ఇవ్వడానికి చొక్కా చెయ్యి మడుస్తున్నాడు.

మొదటిసారి ఆస్పత్రిలో ఒక మాట ఖాదర్‌వలికి పూర్తిగా అర్థమైంది. గళ్ళకు స్పుటమని పేరు, ఆ పేరు ఆయనకు నోరు తిరగలేదు. కానీ శాంపిల్ బాగుండాలట. శాంపిల్ అంటే ఏమిటో ఈ పిల్లవాడు తనకు చెప్పాలా. ఆ డబ్బాను చేతిరుమాలులో చుట్టి, గల్లాపెట్టె మోసుకొచ్చినంత భద్రంగా ఇంటికి తెచ్చాడు.

మర్నాడు తెల్లవారుతుండగా పెరట్లో చేసిన పని ఇది. లేవగానే దగ్గు తెర వచ్చింది. లోపలి నుంచి చిక్కగా, పచ్చగా, మధ్యలో ఎర్రదారం పోగుతో వచ్చింది మొదటిది. దాన్ని బూడిదకుప్ప మీద ఉమ్మి, కాలితో బూడిద కప్పాడు. రెండోది కూడా అంతే. తర్వాత ఉప్పునీళ్ళు పుక్కిలించాడు. వేపపుల్లతో పళ్ళు తోముకున్నాడు. మళ్ళీ పుక్కిలించాడు. అప్పుడు నోట్లో ఊరిన తేటనీటిని, నురుగు లేకుండా, మెల్లగా డబ్బాలోకి వదిలాడు. వెలుతురుకు ఎత్తి చూసుకున్నాడు. కొంచెం మబ్బుగా కనిపిస్తే పారబోసి, కడిగి, మళ్ళీ నింపాడు.

రోషన్‌బీ పొయ్యి దగ్గర నుంచి చూస్తూ ఉంది. "లేస్తానే వచ్చింది పట్టమన్యాడంటివే. అది పారేస్తివి?"

"శాంపిలే అది. మరకగూడు ఎవరన్నా పైన పెడ్తారా. పెద్ద డాక్టరు అద్దంలో పెట్టి చూసేది. ఆయప్పకు చూపించేదేనా ఆ చెత్త."

ఆమెకు అది సబబుగానే తోచింది. ఆయన చేతి ఏరుడు మీద ఆమెకు నమ్మకం.

ఇక్కడ నవ్వుకోవాలంటే నవ్వుకోవచ్చు. కఫానికీ, శవానికి చుట్టే కఫన్ గుడ్డకూ మధ్య దూరం చివరి అక్షరమంత. ఆ దూరాన్ని ఖాదర్‌వలి ఆ పొద్దున పెరట్లో కడిగి, పుక్కిలించి, వడగట్టాడు.

ఆ పొద్దునే డబ్బా పెనుకొండలో ఇస్తే, సాయంత్రానికి ఫలితం వచ్చింది. శ్రీరాములు డాక్టరు చీటీ చూసి, "నెగెటివ్," అన్నాడు.

ఖాదర్‌వలికి ఫోటో స్టూడియో గుర్తొచ్చింది. నెగెటివ్‌లో తెల్ల చొక్కా నల్లగా, నల్లటి మనిషి తెల్లగా కనపడతాడు. "అంటే మంచిదా సార్, చెడ్డదా?"

"మంచిదే. ఇందులో టీబీ క్రిమి కనపడలేదు. ఈ మందులు పది దినాలు మింగు. దగ్గు తగ్గితే సరి. తగ్గకపోతే మళ్ళీ రావల్ల, ఎక్స్‌రే తీసి చూద్దాం. మర్చిపోవద్దు."

"అంటే లేదు కదా సార్."

"ఇందులో లేదు," అన్నాడు డాక్టరు, తర్వాతి పేషంటు వైపు తిరుగుతూ.

ఖాదర్‌వలి హిందూపురం పోకుండా నేరుగా ధర్మవరం రైలెక్కాడు. పెనుకొండలో ఆయనతోపాటు బండెక్కిన ఆ వాక్యంలోంచి, ఇందులో అనే మాట మధ్యలో ఏ స్టేషన్‌లోనో దిగిపోయింది. మళ్ళీ రావల్ల అనే మాటకు అసలు టికెట్టే లేదు. ధర్మవరంలో దిగింది ఒక్క మాటే.

"లేదంట వదినా. నెగెటివ్ అంట."

మహబూబ్‌బీ చీటీని పక్కింటి స్కూలు పిల్లతో చదివించుకుంది. చదివించుకుని, బిడ్డను ఎత్తుకొచ్చి, చెప్పిన ప్రకారం తన చేత్తోనే ఆయన ఒళ్ళో పెట్టింది. "నా నోటికి చెడ్డ వచ్చింది అన్నా. మనసులో పెట్టుకోవద్దు," అంది. ఆయన పెట్టుకోలేదు. ఆయన మనసులో అప్పుడు ఇంకేదీ పట్టే చోటు లేదు.

షహీనూ బిడ్డా హిందూపురం ఇంటికొచ్చారు. ఆ తర్వాతి నెలలు ఖాదర్‌వలి జీవితంలోకెల్లా మంచివి. ఈ మాట రాయడానికే కష్టంగా ఉంది. మందులకు దగ్గు కొంత అణిగింది. మార్కెట్ నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని బిడ్డను ఎత్తుకునేవాడు. బాగా ఎండిన గూడొకటి జేబులో వేసుకొచ్చి ఆమె చెవి దగ్గర ఆడించేవాడు. లోపల ఎండిన పురుగు కదిలి గలగలమనేది. అంజుమ్ కళ్ళు పెద్దవి చేసి, ఆ శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి, నవ్వేది. అంగడి బొమ్మలన్నీ మూల పడ్డాయి. ఆ ఎండుగూడు కోసమే చెయ్యి చాపేది. రాత్రి ఊయల తొట్టిలో పడుకోబెడితే ఏడ్చేది, తాత ఛాతీ మీద పడుకుంటే నిద్రపోయేది. ఆ ఛాతీ పిల్లికూతలు కూసేది. బిడ్డకు అదే జోల.

పది దినాలు అయిపోయాయి, మందులూ అయిపోయాయి, దగ్గు తిరిగొచ్చింది.

"డాక్టరు మళ్ళీ రమ్మన్యాడు కదయ్యా," అని రోషన్‌బీ గుర్తుచేసింది.

"లేదని చెప్పినంక, ఉండాదని చెప్పించుకునేకి పోవల్నా?"

"ఎక్స్‌రే ఏదో తీస్తానన్యాడంటివి."

"చిన్నప్ప చెప్పినాడులే. ఒకసారి దొరికితే డాక్టర్లు దుడ్లు లాగేకి మళ్ళీ మళ్ళీ రమ్మంటారంట. ఎక్స్‌రే, వై రే, జెడ్ రే అని అక్షరాలు అయిపోయేదాకా తీస్తారంట."

నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. అంజుమ్ ఆయన భుజం మీద నిద్రపోతూ ఉంది. ఆ నవ్వుకే ఉలిక్కిపడింది.

మరుసటి ఏడు వానలు మొదలయ్యేసరికి బిడ్డ నడక నేర్చి, నేర్చిన నడక మానేసింది. సాయంత్రమైతే ఒళ్ళు కాగేది. పెట్టిన ముద్ద మింగేది కాదు. మెడ పక్కన బఠానీ గింజలంత గడ్డలు వేలికి తగిలాయి. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు, పళ్ళొస్తున్నాయన్నారు. చివరికి షహీన్ బిడ్డను ధర్మవరం తీసుకుపోయింది. అక్కడ పిల్లల డాక్టరు సాయిసుధ బిడ్డ ముంజేతికి సూది వేసి, అది వాచిన తీరు కొలిచి, ఎక్స్‌రే తీయించింది. ఇంట్లోవాళ్ళందరినీ పిలుచుకురమ్మంది. ముసలాయనా రోషన్‌బీ, రియాజ్ కలిసి పోయారు. మహబూబ్‌బీ అప్పటికే అక్కడ గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"బిడ్డకు ప్రైమరీ కాంప్లెక్స్," అంది డాక్టరమ్మ.

ఇదొక మీడియం. ప్రైమరీ అంటే మనకు బడి, కాంప్లెక్స్ అంటే అంగళ్ళు. బడీ అంగడీ కలిసి పాలు తాగే బిడ్డకు రోగం ఎట్లయ్యాయని రియాజ్ అయోమయంగా చూశాడు. అదే అడిగాడు కూడా.

"అట్లంటే ఏంది మేడమ్?"

"టీబీ. చిన్నపిల్లలకు మొదటిసారి సోకినప్పుడు దాన్ని అట్ల అంటాం. భయపడొద్దు, ఇంకా మెదడుకు పోలేదు, మందులకు తగ్గుతుంది. కానీ దీన్ని బిడ్డ బజారు నుంచి తెచ్చుకోదు. దగ్గరుండే పెద్దవాళ్ళ దగ్గు నుంచి వస్తుంది. ఇంట్లో దగ్గేది ఎవరు?"

 సరిగ్గా అప్పుడే ఖాదర్‌వలికి దగ్గు వచ్చింది. ఆపుకోవాలని చూశాడు. ఆపుకున్న దగ్గు ఇంకా పెద్దగా బయటపడింది.

"నాకు లేదు డాక్టరమ్మా," అన్నాడు ఊపిరి అందగానే. "పోయినేడే పెనుకొండలో చూపించుకుంటి. గళ్ళ పరీచ్ఛ. నెగెటివ్ అన్యారు."

"శాంపిల్ ఎట్ల ఇచ్చినారు?"

ఖాదర్‌వలి కొంచెం నిటారుగా కూర్చున్నాడు. ఇది తనకు తెలిసిన ప్రశ్న. "శుద్ధంగా ఇస్తినమ్మా. లేస్తానే వచ్చిన చెత్తంతా పారేస్తి. ఉప్పునీళ్ళతో నోరు కడుక్కుంటి. పండ్లు తోముకుంటి. తేటగా వచ్చినంక పడ్తి. ఒకసారి బాగలేకుంటే మళ్ళీ మార్చి పడ్తి."

సాయిసుధ పెన్ను కింద పెట్టింది.  ఆమె గొంతు కోపంగా లేదు, అదే అందరినీ ఎక్కువ భయపెట్టింది.

"మీరు పారేసిందే మాకు కావలసింది పెద్దాయనా. అది ఛాతీలోంచి వచ్చేది. మీరిచ్చింది నోటి ఉమ్మి. ఉమ్మిలో క్రిమి లేదని వాళ్ళు చెప్పినారు, నిజమే చెప్పినారు. నెగెటివ్ అంటే మనిషిలో జబ్బు లేదని కాదు. మీరు తెచ్చిచ్చిన దాంట్లో కనపడలేదు అని. అంతే దాని అర్థం."

"తెచ్చిన దాంట్లో," అన్నాడు ఖాదర్‌వలి.

"అవును."

"మరి మీరు కింద చెయ్యి పెట్టి చూడల్ల కదమ్మా. మా మార్కెట్లో పైన పెట్టింది చూసి ఎవరూ కొనరు."

ఎదురు చెప్పడానికి అన్న మాట కాదది. అడుక్కునే గొంతుతో అన్నాడు.

"మనిషి ఛాతీలోకి మేం అట్ల చెయ్యి పెట్టలేం కదా. మీరు తీసిస్తేనే మాకు తెలిసేది."

ఖాదర్‌వలి తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు. గూళ్ళు ఏరి ఏరి ఆ వేళ్ళ కొసలు నున్నగా అరిగిపోయి ఉంటాయి. గోడ దగ్గర మహబూబ్‌బీ కొంగు నోట్లో కుక్కుకుంది. రియాజ్ నాయన వైపు చూడలేక కిటికీలోంచి బయటికి చూశాడు. షహీన్ ఒళ్ళో ఉన్న అంజుమ్ ఒక్కతే తాతను చూసి చెయ్యి చాపింది. ఆయన లేచి, రెండడుగులు వెనక్కి వేసి, తలుపు బయటికి పోయాడు.

మరో పొద్దున. అదే పెరడు, అలాంటిదే డబ్బా. ఈసారి ఖాదర్‌వలి నోరు కడుక్కోలేదు. ఛాతీ అడుగు నుంచి, రీలరు మోచేతి దాకా చెయ్యి దింపినట్టు, పక్కటెముకలు పట్టుకుని దగ్గాడు. వచ్చినదాన్ని బూడిద మీద పడనివ్వలేదు. డబ్బాను వెలుతురుకు ఎత్తి చూడలేదు. మూత బిగించి రోషన్‌బీ వైపు చూశాడు. ఆమె చేతిరుమాలు అందించింది.

పెనుకొండ ల్యాబులో సతీష్ మూత తీసి చూశాడు. ఆయన ముఖం గుర్తుపట్టలేదు, రోజూ ఎన్ని ముఖాలో. "ఇది మంచి శాంపిల్ పెద్దాయనా," అన్నాడు. "అందరూ ఉత్త ఎంగిలి తెచ్చిస్తారు. ఇట్లుంటే మాకు సులభం."

ఆ రెండు మాటలకు ఖాదర్‌వలి ఎప్పటిలాగా తల ఊపాడు. ఇంటికి పోయి రోషన్‌బీకి మాత్రం చెప్పలేదు.

ఫలితం పాజిటివ్ వచ్చింది. పక్కన ప్లస్ గుర్తులు వరసగా ఉన్నాయి. మార్కెట్లో ప్లస్ ఉంటే ధర పెరుగుతుంది. ఎక్స్‌రే ఫిల్మును శ్రీరాములు డాక్టరు వెలుతురుకు పెట్టి చూపించాడు. నల్లగా ఉండాల్సినచోట రెండు వైపులా తెల్లటి నూగు పట్టి, పురుగు గూడు కట్టుకుంటున్నట్టే ఉంది. "అప్పుడే వచ్చుంటే," అని మొదలుపెట్టి, ముసలాయన ముఖం చూసి డాక్టరు ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు.

మందులు మొదలయ్యాయి. ప్రభుత్వం వాళ్ళ గోళీలు, మనిషి ఎదురుగా నిలబడి మింగించేవి. తల తిప్పేది, మూత్రం ఎర్రగా పోయేది, అన్నం సహించేది కాదు. ఖాదర్‌వలి ఒక్కటీ ఎగ్గొట్టలేదు. మార్కెట్‌కు పోవడం మానేశాడు. తనే ఇంటి వెనక రేకుల కొట్టంలోకి మంచం మార్చుకున్నాడు. చిన్నప్ప ఒకటి రెండుసార్లు వచ్చి, దూరంగా గోడ దగ్గర నిలబడి, ఏదో ఒక జోకు చెప్పాలని నోరు తెరిచి, మార్కెట్ ధరలు చెప్పి వెళ్ళిపోయాడు. ధర్మవరంలో అంజుమ్ కూడా తీపి మందులూ చేదు మందులూ మింగుతూ ఉంది. బరువు కొంచెం పెరిగిందని రియాజ్ చెప్పేవాడు. రియాజ్ ఇప్పుడు వారంలో సగం అక్కడే.

రెండు నెలలైనాక మళ్ళీ పరీక్ష. మళ్ళీ ఛాతీ అడుగు నుంచే తీసి ఇచ్చాడు. ఈసారి నెగెటివ్ వచ్చింది. శ్రీరాములు డాక్టరు విడమరిచి చెప్పాడు. మందులు ఇంకా చాలా దినాలు వాడాలి, ఊపిరితిత్తులు పాతవాటిలాగా కావు, మెట్లెక్కితే ఆయాసం ఉండనే ఉంటుంది. కానీ ఇప్పుడు దగ్గినా ఎవరికీ అంటదు. "మనవరాలిని ఎత్తుకోవచ్చునా సార్?" అని అడిగాడు ఖాదర్‌వలి. ఎత్తుకోవచ్చని డాక్టరు చెప్పాడు. ఆ మాటను ముసలాయన ఆయనతోనే మళ్ళీ చెప్పించుకున్నాడు. ఒక్క మాట కూడా దారిలో దిగిపోకుండా, పెదవులతో వల్లెవేసుకుంటూ ధర్మవరం చేరాడు.

మహబూబ్‌బీ వాకిట్లోనే కండె చుడుతూ ఉంది. ఆయన్ను చూసి లేచింది. వీధిలో ఆగి, గడపకు అవతలే నిలబడి ఖాదర్‌వలి అంతా చెప్పాడు. ఛాతీలోంచి తీసిచ్చింది, పుక్కిలించకుండా ఇచ్చింది, డాక్టరు రెండుసార్లు చెప్పింది.

"నెగెటివ్ వదినా. ఈసారి నిజంగా."

ఆమె చేతిలోని కండె పక్కన పెట్టింది. కళ్ళనిండా నీళ్ళున్నాయి.

"అప్పుడూ ఇదే మాట చెప్తివి కదన్నా," అంది.

ఆయన దగ్గర ఇంకొక మాట లేదు. ఆ జబ్బు పోయిందని చెప్పడానికి డాక్టర్లు పెట్టిన మాట అదొక్కటే. దాన్ని ఆయన అప్పుడే వాడేసుకున్నాడు.

"కూచో అన్నా," అని ఆమె అరుగు చూపించింది. పక్కింటి పిల్లను పంపి టీ తెప్పించింది. ఇంట్లో కాచింది కాదు, మూలమీది టీ బంకువాడు ప్లాస్టిక్ కప్పులో పోసిచ్చినది. తాగి ఆ కప్పును ఎక్కడ పెట్టాలో తెలియక ఆయన చేతిలోనే పట్టుకున్నాడు.

షహీన్ బిడ్డను చంకనెత్తుకుని లోపలి గుమ్మం దగ్గర నిలబడింది. "మామా, బాగుండావా," అంది. అంతకంటే ముందుకు రాలేదు. అంజుమ్ బుగ్గలు కొంచెం నిండాయి. తాతను చూసింది. గుర్తుపట్టిందో లేదో తెలియనంత సేపు చూసింది.

ఖాదర్‌వలి జేబులోంచి ఎండుగూడు తీశాడు. చెయ్యి బాగా చాపి, గుమ్మం వైపు పెట్టి ఆడించాడు. వీధి నిండా మగ్గాల చప్పుడు. బిడ్డ ఆ చప్పుడు వచ్చే పక్కింటి వైపు తల తిప్పింది.

ఆయన గూటిని తన చెవి దగ్గరకు తెచ్చి, మోగుతోందో లేదో ఆడించి చూసుకున్నాడు. మోగుతోంది. మళ్ళీ చెయ్యి చాపాడు.